పాత జీపు: కొన్న ధర, పోషించే ఖర్చు



ఈ పూట పాత జీపుల గురించి నాలుగు మాటలు చెబుతాను. జీపులంటే ఒక్క కంపెనీ బండ్లని కాదు. కొండా గుట్టా, బురదా ఇసకా అనకుండా ఎక్కేసే పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లన్నిటినీ మనం జీపులనే అంటాం కదా, ఆ లెక్కన. టొయోటా ల్యాండ్ క్రూజర్, ఫోర్డ్ బ్రాంకో, ల్యాండ్ రోవర్ డిఫెండర్, వాటితో పాటు అసలు సిసలు జీపు. ఈ నాలుగింటికీ అమెరికాలో వేలం పాటలు జోరుగా సాగుతున్నాయి.

ఇక్కడ స్థిరపడిన మనవాళ్ళలో ఒక వరస చూస్తున్నాను. ఇల్లు కొనడం అయింది, పౌరసత్వం వచ్చింది, పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయారు. గ్యారేజీలో ఒక టెస్లా, ఒక మినీవ్యాన్ ఉన్నాయి. అప్పుడు మనసు జీపు మీదికి మళ్ళుతుంది. తాసీల్దారు జీపు ఊళ్ళోకి వస్తే దుమ్ములో వెంటపడి పరుగెత్తిన తరం ఇది. ఎన్నికలప్పుడు మైకు కట్టిన జీపులోంచి విసిరిన కరపత్రాలు ఏరుకున్న తరం. అయితే వాళ్ళు నన్ను అడిగేది చిన్ననాటి ముచ్చట్లు కాదు. "అన్నా, ముప్ఫై అయిదు వేలు పెట్టి ఇప్పుడు కొంటే అయిదేళ్ళకి ఎంతవుతుంది?"

జవాబు ముందే చెప్పేస్తాను. ధర పెరగొచ్చు. ఆ పెరిగింది మాత్రం మీ జేబులోకి రాదు. ఎందుకు రాదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

రెండో ప్రపంచ యుద్ధం కోసం పుట్టిన బండి జీపు. యుద్ధం ముగిసిన 1945లోనే విల్లీస్ కంపెనీ ఒహాయో రాష్ట్రం టోలిడోలో దాన్ని రైతుల బండిగా మార్చి, సిజె-2ఎ పేరుతో అమ్మకానికి పెట్టింది. యుద్ధకాలంలో వాషింగ్టన్‌లో భారత ప్రభుత్వ సరఫరాల మిషన్‌కి పెద్దగా పనిచేసిన కె.సి. మహీంద్రా కన్ను ఈ బండి మీద పడింది. అలా 1940ల చివర బొంబాయిలో జీపుల బిగింపు మొదలైంది. మన తాసీల్దారు జీపు అసలు ఊరు టోలిడో అన్నమాట.

జపాన్‌లో కథ ఇంకోలా నడిచింది. కొరియా యుద్ధం రోజుల్లో, 1951లో, టొయోటా వాళ్ళు జీపు తరహా బండి ఒకటి తయారుచేశారు. ఇచిరో తైరా అనే టెస్ట్ డ్రైవరు దాన్ని ఫూజీ పర్వతం మీద ఆరో మజిలీ దాకా ఎక్కించాడు. చూస్తున్న పోలీసు అధికారులు ముక్కున వేలేసుకుని ఆర్డరు ఇచ్చారు. అప్పటికి దాన్ని టొయోటా జీప్ అనే పిలిచేవారు. పేరు మాదని విల్లీస్ అభ్యంతరం పెట్టడంతో 1954లో అది ల్యాండ్ క్రూజర్ అయింది. 1958లో అమెరికా చేరింది. అమెరికన్ రోడ్ల మీద టొయోటా కార్లు రొప్పుతూ అమ్ముడుపోని ఆ తొలి రోజుల్లో ఇక్కడ కంపెనీని నిలబెట్టింది ఈ మొరటు బండే. 1960లో వచ్చిన ఎఫ్‌జె 40 మోడలు 1983 దాకా అమెరికాలో అమ్ముడైంది. ఇవాళ్టి సంతలో ఎక్కువ గిరాకీ ఉన్న వాటిలో అదొకటి. నేను ఎక్కువగా దాని గురించే మాట్లాడతాను.

ధరలు సుమారుగా చెబుతాను, వేలాల్లో రోజుకొక తీరుగా ఉంటాయి కాబట్టి. షెడ్డులో పడి ఉన్న, కదలని ఎఫ్‌జె 40 పది పదిహేను వేల డాలర్లు. రోడ్డెక్కించి నడుపుకోదగ్గది పాతిక నుంచి నలభై వేలు. విప్పి మళ్ళీ కట్టిన మేలురకం అరవై వేలు, ఆ పైన. పది పన్నెండేళ్ళ క్రితమే పెద్ద వేలాల్లో కొన్ని లక్ష డాలర్లు దాటాయి. కోవిడ్ రోజుల్లో ఇళ్ళలో కూర్చున్న జనం, చవక వడ్డీలు కలిసి ధరల్ని మరీ పైకి తీసుకెళ్ళాయి. 2022 తర్వాత వేడి తగ్గింది. తొలితరం బ్రాంకోలు, అంటే 1966 నుంచి 1977 దాకా వచ్చినవి, ల్యాండ్ క్రూజర్ కంటే ఒక మెట్టు పైనే ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే అన్నిటికీ మూలమైన జీపు వీటిలో చవక. సిజె-5, సిజె-7 రకాలు పదిహేను ఇరవై వేలకి శుభ్రంగా దొరుకుతాయి. తయారైనవి ఎక్కువ కావడం ఒక కారణం.

ఒకే ఏడు, ఒకే మోడలు బండ్లు రెండింటి మధ్య ఇరవై వేల తేడా ఎందుకొస్తుంది? రంగు చూసి కాదు. ముట్టుకోకుండా వదిలేసిన దానికే ధర. బ్రాంకో వెనక చక్రం పైన రేకు చూడండి. కంపెనీ ఇచ్చినప్పుడు ఆ వంపు చిన్నది. పెద్ద టైర్లు పట్టాలని 1970ల్లో చాలామంది రంపం పెట్టి ఆ రేకు కోసేశారు. అప్పటికది మామూలు వాడకం బండి, ఎవరు మాత్రం ఆలోచిస్తారు! ఇవాళ రేకు కోయని బ్రాంకో అంటే చాలు, అడిగిన ధర ఇస్తారు. ఎఫ్‌జె 40లోనూ అంతే. ఒరిజినల్ ఆరు సిలిండర్ల ఇంజను నెమ్మది అని తీసేసి షెవర్లే వి8 పెట్టుకున్నవాళ్ళు కోకొల్లలు. నడపడానికి అది సుఖంగానే ఉంటుంది. అమ్మేటప్పుడు మాత్రం వేలల్లో కోత పడుతుంది.

ఇక తుప్పు. నన్నడిగితే ధరలో సగం తుప్పే నిర్ణయిస్తుంది. మంచు కురిసే రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ బండ్లని ఆ ఉప్పు కింది నుంచి తినేస్తుంది. అరిజోనా, న్యూమెక్సికో బండి అయితే రంగు ఎండకి వెలిసిపోయి, సీట్లు పగిలిపోయి చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది. కానీ కింద ఇనుము గట్టిగా ఉంటుంది. వెలిసిన రంగుని చూసి మొహం తిప్పుకుని, కొత్త పెయింటు తళతళ చూసి చెక్కు రాసేవాళ్ళే ఎక్కువ.

బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు నాలుగు వస్తువులు పట్టుకెళ్ళండి: ఒక టార్చి, ఒక పాత చాప, ఒక ఫ్రిజ్ అయస్కాంతం, ఒక స్క్రూడ్రైవరు. అయస్కాంతానికి రుమాలు చుట్టి వెనక తలుపు కింది అంచు మీద, వెనక చక్రాల వెనక మూలల మీద, అద్దం ఫ్రేము కింది భాగం మీద నెమ్మదిగా జరపండి. ఇనుము ఉన్నచోట అంటుకుంటుంది. లప్పం పూసి రంగేసిన చోట జారిపోతుంది. తర్వాత బ్యాటరీ పెట్టే రేకు పెట్టె కింద వేలుపెట్టి చూడండి. యాసిడ్ కారి అక్కడ చిల్లు పడటం మామూలు. చివరికి చాప పరుచుకుని కిందికి దూరి, వెనక యాక్సిల్ దాటాక ఛాసిస్ ఎలా ఉందో టార్చి వేసి చూడండి. స్క్రూడ్రైవరు పిడితో తడితే ఖంగుమనాలి. దబ్‌మని మెత్తగా మోగి పెచ్చులు రాలితే లేచి చేతులు దులుపుకుని ఇంటికి రండి. బేరం ఆడకండి. బాడీ రేకులు కొత్తవి దొరుకుతాయి. విల్లీస్ జీపుకైతే ఫిలిప్పీన్స్‌లో తయారైన పూర్తి బాడీయే దొరుకుతుంది. కుళ్ళిన ఛాసిస్‌తో మాత్రం మనకి పని లేదు.

అక్కడే ఇంకో పని. ఎఫ్‌జె 40 కుడివైపు ముందు చక్రం దగ్గర ఛాసిస్ మీద నంబరు గుద్ది ఉంటుంది. తుప్పు గీకి ఆ నంబరు చదివి, ఇంజను గదిలో ఉన్న ప్లేటుతోనూ, టైటిల్ కాగితంతోనూ సరిచూసుకోండి. ఊళ్ళో స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూసుకునే మనం, ఇక్కడ ముప్ఫై వేల బండి కొనేటప్పుడు మాత్రం "మంచివాడిలా ఉన్నాడు" అని డబ్బు చేతిలో పెట్టేస్తాం.

ఏ ఏటి బండి కొనాలన్నదానికి రాష్ట్రాన్ని బట్టి జవాబు మారుతుంది. ఎఫ్‌జె 40కి 1975లో పెద్ద ఇంజను, 4.2 లీటర్లది, వచ్చింది. 1976 మోడలు నుంచి ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులొచ్చాయి. అంతకుముందు నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. తడి రోడ్డు మీద ఆపాలంటే కులదైవాన్ని తలుచుకోవాలి. కాబట్టి టెక్సస్‌లో ఉండేవాళ్ళు 1976, ఆ తర్వాతిది చూసుకోవడం తెలివి. కాలిఫోర్నియాలో మాత్రం పెట్రోలు బండ్లకి పొగ పరీక్ష మినహాయింపు 1975 మోడలుతో ఆగిపోతుంది. 1976 బండికి యాభై ఏళ్ళ నాటి పొగ గొట్టాలు, గాలి పంపు, వాల్వులు అన్నీ అమర్చి రెండేళ్ళకోసారి పరీక్ష నెగ్గించాలి. అందుకని అక్కడి ఫ్రీమాంట్‌లో ఉండేవారికి 1975 బండి ముద్దు. బ్రేకులు తర్వాత మార్చుకోవచ్చు.

విదేశం నుంచి తెప్పించుకోవడం గురించి కూడా అడుగుతుంటారు. తయారై పాతికేళ్ళు నిండిన బండికి అమెరికా భద్రతా ప్రమాణాలు వర్తించవు. 1988 నాటి చట్టం పుణ్యమది. పొగ విషయంలో అసలు ఇంజను అలాగే ఉంటే ఇరవై ఒక్క ఏళ్ళు చాలు. ఇంగ్లండు డిఫెండర్లు, కొలంబియా ల్యాండ్ క్రూజర్లు ఆ దారినే వచ్చాయి. డిఫెండర్‌ని ల్యాండ్ రోవర్ తానుగా అమెరికాలో అమ్మింది చాలా తక్కువ: 1993లో పొడుగు రకం 500, ఆ తర్వాత 1997 దాకా పొట్టి రకం కొన్ని. ఎయిర్ బ్యాగులు పెట్టలేక వెనక్కి తగ్గింది. అందుకే వాటికంత ధర. ఆ ధర చూసి కొందరు వ్యాపారులు చిన్న వయసు బండ్లకి పాత నంబర్లు తగిలించి తెస్తున్నారని ప్రభుత్వానికి అనుమానం వచ్చింది. 2014 జూలైలో ఫెడరల్ అధికారులు వివిధ రాష్ట్రాల్లో ఒక్కసారే దాదాపు నలభై డిఫెండర్లని ఇళ్ళ ముందు నుంచి పట్టుకుపోయారు. కొన్నవాళ్ళలో చాలామందికి తామేం తప్పు చేశామో కూడా తెలియదు. కోర్టుకెక్కి కొట్లాడితే చివరికి చాలావరకు తిరిగొచ్చాయి. లాయరు ఖర్చులు ఎవరివి వాళ్ళవే.

మరి మన మహీంద్రా జీపు? పాతికేళ్ళు దాటినదైతే చట్టం అడ్డుపడదు. ఓడ కిరాయి, పన్ను, కాగితాలు కలిపితే ఖర్చు తడిసి మోపెడవుతుంది, అది వేరే సంగతి. మహీంద్రా వాళ్ళు 2018లో రాక్సర్ పేరుతో అదే ఆకారాన్ని మిషిగన్‌లోని ఆబర్న్ హిల్స్‌లో బిగించి అమ్మడం మొదలుపెట్టారు. అప్పట్లో జీపు సొంతదారైన ఫియట్ క్రైస్లర్ అమెరికా ముఖ్య కార్యాలయం కూడా ఆ ఊళ్ళోనే. పక్కింటివాళ్ళు ఊరుకుంటారా! అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. ఆకారం మాదేనని గెలిచారు. 2020లో రాక్సర్ తన ముఖం మార్చుకోవాల్సి వచ్చింది. టొయోటాకి పేరుతో వచ్చిన తగవు, మహీంద్రాకి మొహంతో వచ్చిందన్నమాట. రాక్సర్ పొలాల్లో తిప్పుకునే బండిగా అమ్మినది. చాలా రాష్ట్రాల్లో రోడ్డు మీదికి తేనివ్వరు. "మన జీపే కదా, చవగ్గా వస్తోంది" అని తొందరపడకండి.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. కాగితం, కలం తీసుకోండి.

టెక్సస్‌లో ఉండే మీరు అరిజోనాలో ఉన్న ఎఫ్‌జె 40ని ఇంటర్‌నెట్ వేలంలో 35,000 డాలర్లకి పాడారనుకుందాం. వేలం సంస్థకి 5 శాతం, 1,750. టెక్సస్ పన్ను 6.25 శాతం, 2,187. లారీ మీద తెప్పించడానికి 1,300 వేసుకోండి. ఎంత మంచి బండైనా వచ్చిన ఏడాది నాలుగు వేలు మింగకుండా వదలదు. టైర్ల మీద బొత్తాలు నిగనిగలాడుతుంటాయి, కానీ టైరు పక్కన నాలుగంకెల ముద్ర చూడండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2209 అని ఉంటే 2009లో తయారైన టైరు. బొత్తాలు అరగకపోయినా రబ్బరు చచ్చిపోయి ఉంటుంది. అవి మార్చాలి. పెట్రోలు గొట్టాలు మార్చాలి. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ పాత రబ్బరుని తినేస్తుంది. ముందు చక్రాల లోపలివైపు గుండ్రటి నకిల్ ఉంటుంది. దాని సీలు పోతే గేరాయిలు, గ్రీజు కలిసి నల్లటి ముద్దగా కారుతుంది. విడిభాగాల కిట్టు వందల్లోనే, కూలి మాత్రం వేలల్లో. ఇక్కడ షెడ్డులో మెకానిక్ గంటకి నూటయాభై అడగడం మామూలైపోయింది. అన్నీ కూడితే బండి మీ గడప తొక్కి కుదురుకునేసరికి 44 వేల పైమాట.

ఆ తర్వాత ఏటా ఖర్చు. ఇన్సూరెన్సు 450 వేస్తున్నాను. ఇందులో ఒక మెలిక ఉంది. మామూలు కారు పాలసీలో చేరిస్తే, ప్రమాదం జరిగాక కంపెనీ తరుగుదల తీసేసి "యాభై ఏళ్ళ బండికి ఇంతే" అంటుంది. పాత బండ్లకి ప్రత్యేకంగా, ముందే విలువ ఒప్పుకుని రాసే పాలసీ ఉంటుంది. అది తీసుకోండి. చవకే. కానీ రోజూ ఆఫీసుకి వేసుకెళ్ళకూడదు, తాళం వేసిన గ్యారేజీలో పెట్టాలి లాంటి షరతులుంటాయి. ఆయిలు, గ్రీజు, ఫిల్టర్లు, రిజిస్ట్రేషను ఆరువందలు. అనుకోకుండా పోయే సామాను ఏటికొకటి, సగటున 1,500. మొత్తం 2,550. అయిదేళ్ళకి 12,750. ఇంతా కలిపి 57 వేలు దగ్గరపడింది. పెట్రోలు నేను లెక్కలో వేయలేదు. గ్యాలనుకి పన్నెండు పధ్నాలుగు మైళ్ళు ఇస్తే గొప్ప. 35 వేలు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ కూడా వేయలేదు. 4 శాతమే అనుకున్నా ఏటా 1,400 డాలర్లు.

అయిదేళ్ళ తర్వాత 42 వేలకి అమ్మితే ఫేస్‌బుక్‌లో "ఏడు వేలు లాభం" అని రాసుకుంటారు. నిజానికి పోయింది పదిహేను వేలు. సొంత వాడకం బండి మీద వచ్చిన నష్టానికి ఆదాయపు పన్నులో మినహాయింపు లేదు. నిజంగానే లాభం వస్తే మాత్రం పన్ను కట్టాలి. ఇంకో సంగతి, 2024లో టొయోటా కొత్త ల్యాండ్ క్రూజర్‌ని డెలివరీ ఛార్జీతో కలిపి 57 వేల పైచిలుకుకి దించింది. ఆ చవక రకానికి పెట్టిన పేరు "1958". ఏసీ, ఎయిర్ బ్యాగులు, హైబ్రిడ్ ఇంజను అన్నీ ఉన్నాయి. మన పాత జ్ఞాపకాల మీద వ్యాపారం ఎలా చేయాలో కంపెనీలకి బాగా తెలుసు.

లెక్కకి అందని ఖర్చులు కూడా ఉన్నాయి. మన కాలనీల హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు డ్రైవ్‌వే మీద ఆయిలు మరక కనపడితే ఉత్తరం పంపిస్తారు. అందుకని జీపు గ్యారేజీలోకి వెళుతుంది. గ్యారేజీలో ఇండియా నుంచి తెచ్చిన గ్రైండరు, ఆవకాయ జాడీలు, బతుకమ్మ సంబరాల సామాను ఉంటాయి. అవి ఎక్కడికి వెళ్ళాలి? "ఏవండీ, ఆ ఇనుప డబ్బాకి ఇచ్చిన చోటు నా కుట్టుమిషనుకి ఇవ్వలేదు మీరు" అన్న మాట మా మిత్రుడి ఇంట్లో ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది. నెలకి నూటయాభై ఇచ్చి బయట గది అద్దెకి తీసుకుంటే అయిదేళ్ళకి ఇంకో తొమ్మిది వేలు.

పిల్లల సంగతి ఒక్క మాట. ఈ బండ్లలో ఎయిర్ బ్యాగులుండవు. ఎఫ్‌జె 40 వెనక సీట్లు అడ్డంగా, ఎదురుబొదురుగా ఉంటాయి. పొట్టి వీల్‌బేసు బండ్లు మలుపులో బోల్తా పడటం మీద 1980లోనే ఇక్కడి టీవీలో పెద్ద దుమారం రేగింది. ఊళ్ళో పదిహేనుమంది వేలాడుతూ వెళ్ళేవాళ్ళమని ఇక్కడ హైవే మీద అలాంటి ధైర్యం చేయకండి. గంటకి యాభై అయిదు మైళ్ళు దాటితే ఎఫ్‌జె 40 తనే వద్దంటుంది.

మరి కొనొద్దంటారా అంటే, కొనమనే అంటాను. పెట్టుబడిగా వద్దు. శనివారం పొద్దున్నే గ్రీజు గన్ పట్టుకుని కింద పడుకోవడం మీకు ఇష్టమైతే కొనండి. ల్యాండ్ క్రూజర్ మేలు ఏమిటంటే, టొయోటా తనే 2022 నుంచి 40 సిరీస్‌కి కొన్ని విడిభాగాలు మళ్ళీ తయారుచేస్తోంది. కాబట్టి బండి సామాను లేక మూలపడే భయం తక్కువ. నా సిఫార్సు: తుప్పు లేని ఎడారి రాష్ట్రపు బండి, ఒరిజినల్ ఇంజను, పాత రంగు, ముప్ఫై అయిదు వేల లోపు. లక్ష డాలర్ల తళతళలాడే బండి కొంటే గీత పడుతుందని బయటికే తీయరు. మొదటిసారి కొనేవాళ్ళకి ల్యాండ్ క్రూజర్ కంటే సిజె-7 ఇంకా నయం, సగం ధరకే సరదా తీరుతుంది.

అమ్మేవాణ్ణి ముందుగా ఛాసిస్ కింది ఫోటోలు అడగండి. పంపితే చూడ్డానికి వెళ్ళండి. పంపనంటే ఆ బండి జోలికి పోవద్దు.